రెండు రంగుల గోరింట

గోరింట లేని చేతులతో లహరిని చూసినవాళ్ళు ఆదోనిలో లేరు. పండగ ఉన్నా లేకపోయినా, పెళ్ళి ఉన్నా లేకపోయినా, వేళ్ళ కొసల నుంచి మణికట్టు దాటేదాకా లతలు, పువ్వులు, నెమళ్ళు. "ఈ పిల్లకు దినామూ పెండ్లే" అని వీధిలో ఆడవాళ్ళు వేళాకోళం చేసేవారు. చేసుకోనీ. వేళాకోళం చేసేవాళ్ళు దూరంగా నిలబడి నవ్విపోతారే గానీ దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుని చూడరు. లహరికి కావలసిందీ అదే.

ఎందుకంటే ఆ లతల కింద బొల్లి ఉంది.

ఎనిమిదో తరగతిలో ఉండగా కుడిచేతి మెటిక మీద మినపగింజంత తెల్లమచ్చ కనబడింది. బడిలో అంటిన సుద్ద అనుకుని తల్లి శాంతకుమారి కొంగుతో తుడిచింది. పోలేదు. ఏడాది తిరక్కుండా మచ్చ వేళ్ళ మీదికి పాకింది, రెండో చేతికీ వచ్చింది. కర్నూల్లో డాక్టరు చూసి, ఇది ప్రాణానికి ముప్పు కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకునేదీ కాదు, చర్మంలో రంగు పోవడం తప్ప మరేమీ లేదని చెప్పి పూతమందు రాసిచ్చాడు. మందుతో కొన్ని తగ్గాయి, కొన్ని మొండికేశాయి. డాక్టరు చెప్పింది ఒక్క మాటైతే చుట్టాలు చెప్పినవి వంద. ఒకామె బావంచాల గింజలు నూరి పట్టు వేయమంది. వేస్తే బొబ్బలెక్కింది. ఇంకొకామె, "చేపలు తిని పాలు తాగింటాది" అని తేల్చేసింది. లహరి తండ్రి, పత్తి మండీ రంగనాథం ఇంట్లో చేప అన్నది పాఠ్యపుస్తకంలో బొమ్మ తప్ప మరొకటి కాదు. అయినా ఆ మాట అన్నవాళ్ళకు సిగ్గులేదు, విన్నవాళ్ళకు నోరులేదు.

శాంతకుమారి చెడ్డమనిషి కాదు. భయస్తురాలు, అంతే. భయపడే తల్లి ప్రేమకు, చెరసాలకు కాస్త దగ్గరి చుట్టరికం ఉంటుంది. ఎక్కడ ఫోటో తీస్తున్నా "పాపా, చెయ్యి లోపలికి పెట్టుకో" అనేది. ఎవరింటికి వెళ్ళినా కూతుర్ని మూల కుర్చీలో కూర్చోబెట్టేది. ఒకసారి బంధువుల గృహప్రవేశంలో, ఎవరూ చెప్పకుండానే లహరి పులిహోర గిన్నె పట్టుకుని వడ్డనకు దిగింది. వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ ఆ చేతుల్ని చూసి, తన విస్తరిని మెల్లగా పక్కకు లాక్కుంది. ఒక్క మాట అనలేదు, లాక్కుంది. లహరి గిన్నె అక్కడే దించి పెరట్లోకి పోయి ఏడ్చింది.

ఆ తరువాతే గోరింట మొదలైంది. పక్కవీధిలో సాయిబుల ఇంట ఆడపిల్లల దగ్గర కోను పట్టడం నేర్చుకుంది. గోరింటతో ఒక చిక్కుంది. మామూలు చర్మం మీద అది ముదురుగా పండుతుంది, తెల్లమచ్చ మీద నారింజ రంగులో భగ్గుమంటుంది. అందుకని లహరి మచ్చల మీద మళ్ళీ మళ్ళీ దిద్ది, చుట్టూ ఉన్న రంగులో కలిపేసేది. దాచుకోవడానికి పట్టుకున్న పని కాస్తా చూస్తూ చూస్తూ విద్య అయింది. ఆదోనిలో బ్యూటీపార్లరు నడిపే రూత్, చదువు అయిపోయి ఖాళీగా ఉన్న లహరిని పిలిచి, "పెండ్లికూతుర్లకు మేకప్పు నేను వేస్తా, మెహందీ నువ్వు వెయ్యి" అంది. రెండేళ్ళుగా ఇద్దరూ జంటగా తిరుగుతున్నారు. రూత్‌కు కూడా లహరి చేతుల సంగతి తెలియదు. చెయ్యి ఎప్పుడూ నిండుగా ఉంటే ఎవరికి తెలుస్తుంది?

మొన్న శ్రావణంలో ముహూర్తాలు ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. ఊరందరి చేతులూ దిద్దే తొందరలో లహరి తన చేతిని ఒక్కసారి గీసుకుని వదిలేసింది, రెండో పూత వేయడానికి తీరిక లేకపోయింది. తెల్లారి పార్లరులో చెయ్యి కడుక్కుంటుంటే రూత్ కెవ్వుమంది.

"అబ్బ! ఇదేం డిజైను మే? తీగలేమో నల్లగా, పువ్వులేమో కాషాయంగా! రెండు రంగుల కోను యాడ దొరికింది నీకు?"

లహరి తేలు కుట్టిన దొంగలా నిలబడింది. అరవడానికి లేదు, ఊరుకోవడానికి లేదు. నోటికొచ్చిన మొదటి మాట అనేసింది. "బెంగళూరు నుంచి తెప్పించినా అక్కా."

తెప్పించినా అన్న మాట నోట్లోంచి పూర్తిగా బయటికి రాకముందే రూత్ ఫోటో తీసింది. "వద్దక్కా" అనేలోపల స్టేటస్‌లో పెట్టింది. సాయంత్రానికల్లా ఫోను ఆగలేదు. అందరికంటే పట్టుదలగా మాట్లాడింది ఎమ్మిగనూరు నుంచి భవ్యశ్రీ అనే పెళ్ళికూతురు. నేతగాళ్ళ ఇంటి పిల్ల, నోరు కాస్త జోరు.

"నాకు అదే డిజైను కావాలక్కా. వేరేది వద్దేవద్దు. ఫ్రెండ్సుకంతా చెప్పేసినా. పెండ్లికొడుక్కి కూడా ఫోటో పంపించినా."

రూత్ సరే అనేసింది. పెళ్ళి ముందురోజు పొద్దున్నే వస్తామని మాట ఇచ్చింది.

అప్పట్నుంచి లహరికి అన్నం సయించలేదు. రెండు రంగుల కోను అనేది బెంగళూరులో కాదు కదా, భూప్రపంచంలో ఎక్కడా లేదు. ఉన్నదల్లా ఈ రెండు రంగుల చెయ్యే. నిజం చెబితే ఎమ్మిగనూరంతా గుప్పుమంటుంది, ఇక ఏ పెళ్ళికూతురైనా తన చేతికి చెయ్యిస్తుందా? చెప్పకపోతే లేని కోను ఎక్కణ్ణుంచి తేవడం? ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి బజారుకు పోయి ఎరుపు, నలుపు ఇన్‌స్టంట్ కోన్లు కొనుక్కొచ్చి, ముందుగా తన మోచేతి మీద గీసి చూసుకుంది. రంగులు రెండూ బాగానే వచ్చాయి. వాటితో పాటు దురద, మంట, సాయంత్రానికి సన్నటి పొక్కులూ వచ్చాయి. తనకు బావంచాల మంట ఇంకా గుర్తే. పెళ్ళికూతురి చేతికి దీన్ని పూయడమా అనుకుని రెండు కోన్లూ చెత్తబుట్టలో పడేసింది. ఈ గొడవలో తన చేతులకు కొత్త గోరింట పెట్టుకోవడం మరిచేపోయింది, ఉన్నది వెలిసిపోసాగింది.

శాంతకుమారి కూతురి మోచేతికి కొబ్బరినూనె రాస్తూ అంది. "ఒళ్ళు బాగలేదని చెప్పి ఊరుకో పాపా. ఎమ్మిగనూరులో మనోళ్ళు ఎంతమంది ఉండారో తెలుసా? ఒకరి నోట్లో పడితే చాలు, సాయంత్రం బస్సుకే ఆ మాట ఆదోనికి వస్తాది."

"రూతక్క మాట ఇచ్చినాది అమ్మా. ఆ పిల్ల ఉత్తచేతులతో పీటల మీద కూర్చుంటాది."

"కూర్చుంటే కూర్చోనీ. నిన్ను నలుగుర్లో నిలబెట్టి అవమానం చేస్తే నేను సూడలేను."

తల్లి అన్నదాంట్లో తప్పేముంది? లహరికీ అదే భయం. కానీ ఆ పిల్ల ఫోనులో మాట్లాడిన ఉత్సాహం చెవిలోంచి పోవడం లేదు. ఏం చెప్పాలో తెలియకుండానే పొడుగు చేతుల చుడీదారు వేసుకుని, చున్నీ కింద చేతులు దాచుకుని, రూత్ వెంట బస్సెక్కింది. దారిపొడుగునా పత్తి చేలను చూస్తూ కూర్చుంది, ఒక్క చేనూ కంటికి ఆనలేదు.

ఎమ్మిగనూరులో నేతగాళ్ళ కాలనీ. పెళ్ళిల్లు కాబట్టి ముందుగదిలో మగ్గం మీద దుప్పటి కప్పి ఉంది. గోడవారగా వెదురుబొంగుకు రంగు నూలు చిలపలు వేలాడుతున్నాయి. ఇంటికి పెద్దదిక్కు సుగుణమ్మ, భవ్యశ్రీ అవ్వ, మనవరాలి పెళ్ళని కూడా లేకుండా ఒక మూల నూలు కండెలు చుట్టుకుంటోంది. "ఊరికే కూర్చుంటే చేతులు తిమ్మిరెక్కుతాయి" అంటుంది అడిగినవాళ్ళతో. భవ్యశ్రీ చాప మీద దిండు ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ చాపి, ఎదురుగా ఫోను నిలబెట్టుకుని సిద్ధంగా ఉంది. పక్కన మేనత్త, ఆమె చుట్టూ అమ్మలక్కలు.

లహరి చున్నీ సర్దుకుని కూర్చుంది. కోను తీసి అరచేతి మీద మొదటి గీత గీసింది.

"అక్కా, రెండో కోను యాడ?" అంది భవ్యశ్రీ.

చెప్పక్కర్లేని దారి ఒకటుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. 'పొద్దున్నకి రంగు తేలుతుంది' అనేస్తే సరి. గోరింటలో ఉన్న సుఖమే అది, నిజమేమిటో తెల్లారితే గానీ బయటపడదు. అప్పటికి తను ఆదోనిలో ఉంటుంది. కానీ రేపు పొద్దున ఈ పిల్ల మంగళస్నానానికి లేచి, ముందుగా తన చేతులే చూసుకుంటుంది. ఆ మొహం ఎలా ఉంటుందో లహరికి ఇప్పుడే కనబడుతోంది. తను గృహప్రవేశం రోజున పెరట్లో పెట్టుకున్న మొహమే అది.

కోను కింద పెట్టింది.

"రెండో కోను లేదు. ఎప్పుడూ లేదు. బెంగళూరు అని అబద్ధం చెప్పినా." చున్నీ తీసి పక్కన పెట్టి, చుడీదారు చేతులు పైకి మడిచి, రెండు చేతులూ కిటికీ వెలుగులోకి చాపింది. వెలిసిన గోరింట కింద మచ్చలు తెల్లగా బయటపడ్డాయి. "ఇది బొల్లి. చిన్నప్పటి నుంచి ఉండాది. గోరింట ఒకటే, కోనూ ఒకటే. నా తోలే రెండు రకాలు. తెల్లగా ఉండేకాడ కాషాయంగా వస్తాది, మిగతాకాడ నల్లగా పండుతాది. ఎంత పెట్టినా నీ చేతికి అట్ల రాదు."

బొల్లి అన్న మాటను లహరి తన నోటితో అనడం అదే మొదటిసారి. అనేశాక చూస్తే అది మామూలు మాటే, మిగతా మాటల్లాగే నోట్లోంచి వచ్చి గాలిలో కలిసిపోయింది.

ముందుగా కదిలింది మేనత్త. భవ్యశ్రీ చేతిని పట్టుకుని తన వైపు లాక్కుంది. "లెయ్యి, లెయ్యి. పొద్దున్న ముహూర్తం పెట్టుకొని ఏందిది? అంటుకుంటే ఎవురు జవాబుదారి?"

లహరికి మళ్ళీ ఎవరో విస్తరి లాక్కున్నట్టే అనిపించింది. అనుకున్నంతా అయింది.

రూత్ లేచి నిలబడింది. సంగతి ఆమెకూ అప్పుడే తెలిసింది, అయినా తడుముకోలేదు. "ఏమి అంటుకునేదమ్మా? రెండేళ్ళుగా ఒకే డబ్బాలో అన్నం తింటాండాము ఇద్దరమూ. సూడు, నాకంటుకున్యాదా?" అని రెండు చేతులూ మేనత్త మొహం ముందు ఆడించింది.

భవ్యశ్రీకి ఈ గొడవేమీ చెవికెక్కినట్టు లేదు. ఫోటో వంకా లహరి చేతుల వంకా మార్చి మార్చి చూస్తోంది.

"అంటే నాకు రాదా?" అంది.

"రాదు."

"రెండుసార్లు పెట్టినా?"

"పదిసార్లు పెట్టినా రాదు."

పెళ్ళికూతురి మొహం వాడిపోయింది. కింది పెదవి ముందుకొచ్చింది. "పో అక్కా! అందరికీ చెప్పినా కదా! నీకొక్కదానికే వస్తాదంటే ఎట్ల?"

లహరికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది. ఇన్నేళ్ళలో ఆ చేతుల్ని చూసి అయ్యో అన్నవాళ్ళున్నారు, ముఖం తిప్పుకున్నవాళ్ళున్నారు, ఆకు వైద్యాలు చెప్పినవాళ్ళున్నారు. తమకు లేదే అని అలిగినవాళ్ళు మాత్రం ఒక్కరు లేరు. నవ్వు ఆపుకుందామని చూసింది గానీ ఆగలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వింది. ఎందుకు నవ్వుతోందో తెలియకుండానే భవ్యశ్రీ కూడా నవ్వేసింది. దాంతో అమ్మలక్కలూ మొదలుపెట్టారు.

మూల నుంచి సుగుణమ్మ కండె ఆపకుండానే అంది. "దీనికింత రాద్ధాంతమేందిమే? నూలూ పట్టూ ఒకే తొట్టిలో ముంచితే మాత్రం ఒకే రంగు వస్తాదా?" తరువాత మేనత్త వైపు తిరిగింది. "పెట్టే పిల్ల బాగనే ఉంది, పెట్టించుకునే పిల్ల బాగనే ఉంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా?"

మేనత్త చేతిని వదిలి, ఏదో గొణుక్కుంటూ వంటింట్లోకి పోయింది. ఆ పూట మళ్ళీ ముందుగదిలోకి రాలేదు, గోరింటా పెట్టించుకోలేదు. అందరి మనసులూ అక్కడికక్కడే మారిపోయాయని చెబితే అబద్ధమవుతుంది. చాపకు ఆ చివర కూర్చున్న ఒకామె కూడా నెమ్మదిగా లేచిపోయింది. లహరి అది చూసింది. చూసినా చెయ్యి ముడుచుకోలేదు.

"సరే, రంగు రాకపోతే పోనీ," అంది భవ్యశ్రీ, మొండిఘటం. "నీ చేతి మీద మచ్చలు యాడుంటే నా చేతి మీద ఆడ ఖాళీ వదిలిపెట్టు. చుట్టూ నిండుగా వెయ్యి. నీ చెయ్యి ఇట్ల పక్కన పెట్టుకొని, సూసి గీయి."

లహరి ఎడమచేతిని ఆ పిల్ల చేతి పక్కన దిండు మీద పెట్టింది. ఎప్పుడూ ఆ మచ్చల్ని కప్పడానికి తొందరపడిందే తప్ప, వాటి అంచులు ఎలా తిరుగుతాయో ఇంతవరకూ చూడనే లేదు. మెటిక మీది మచ్చ గుండ్రం కాదు, ఒక పక్క కొద్దిగా నొక్కుకుని ఉంది. మణికట్టు దగ్గర రెండు మచ్చలు కలిసీ కలవనట్టు మధ్యలో సన్నటి గోధుమరంగు దారి వదిలాయి. గీయడానికి కష్టమైన ఆకారాలే. రెండుసార్లు తుడిచి మళ్ళీ గీయాల్సి వచ్చింది. పనిలో పడ్డాక, అవి తన మచ్చలన్న సంగతి కాసేపు మరిచేపోయింది. గుర్తొచ్చేసరికి భుజాలు తేలిగ్గా ఉన్నాయి. ఇక ఇక్కడ దాచడానికి ఏమీ మిగల్లేదు. ఆ హాయి ఎంతటిదో దాచుకున్నవాళ్ళకే తెలుస్తుంది.

పెళ్ళికూతురి చేతులు అయ్యాక మిగతావాళ్ళు చేతులు చాపారు. చివర్న సుగుణమ్మ కూడా వచ్చి, "నాకూ ఒక చుక్క పెట్టమ్మీ" అని ముడతల చెయ్యి చాపింది.

తిరుగు బస్సులో సీటు దొరకగానే రూత్ తిట్లకు దిగింది. "బెంగళూరు కోనంట, బెంగళూరు కోను! నేను ముగ్గురు పార్లరోళ్ళకి చెప్పినా, తెప్పిచ్చిస్తానని. ఇప్పుడు వాళ్ళకేం చెప్పాల?"

"నిజం చెప్పక్కా," అంది లహరి.

"చెప్తా. నాకు ముందే చెప్పింటే ఏం పోయిండె?"

"భయం అక్కా."

రూత్ ఇంకో తిట్టు తిట్టబోయి మానుకుంది. లహరి చున్నీ సంచిలో పెట్టేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎదురు సీటులో ఒక చిన్నపాప ఆ చేతుల్ని కాసేపు చూసి, విసుగొచ్చి, కిటికీ వైపు తిరిగింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. లహరి తిరగేసి, రచ్చ గెలిచి ఇంటికొచ్చింది. ఇల్లు ఇంకా మిగిలే ఉంది. జరిగిందంతా విని శాంతకుమారి గుమ్మంలోనే కూలబడింది.

"మన పేరు, మీ నాయన పేరు కూడా చెప్పినావా?"

"అడిగినారు, చెప్పినా."

శాంతకుమారి లేచి వంటింట్లోకి పోయింది. ఆ రోజే కాదు, ఆ వారమంతా కూతురితో అవసరానికి మించి మాట్లాడలేదు. రంగనాథం మాత్రం మండీ నుంచి వచ్చి, "మార్కెట్లో ఎవురూ ఏమీ అడగలేదే" అన్నాడు. "అడగరు. ఎనక అనుకుంటారు" అని శాంతకుమారి అతని నోరు మూయించింది. లహరి బతిమాలలేదు, వాదించలేదు. తల్లి భయం ఒక్క పూటలో పోయేది కాదని ఆమెకు తెలుసు. తనదే ఎన్నేళ్ళు పట్టింది!

కార్తీకంలో ఒకరోజు పొద్దున లహరి స్నానానికి వెళ్ళినప్పుడు ఆమె ఫోను మోగింది. మోగి మోగి ఆగి, మళ్ళీ మోగితే శాంతకుమారి తీసింది. గొంతు పెద్దదేమో, అవతలామె మాటలు పెరట్లోకి కూడా వినబడుతున్నాయి.

"ఎమ్మిగనూరు నుంచి చేస్తాండామమ్మా. మా చెల్లెలి కూతురికి నిశ్చితార్థం. మెహందీకి పిలవాల."

"పార్లరుకు చేయండమ్మా. ఆడ ఇద్దరు ముగ్గురుంటారు."

"ఆడ ఎవురో ఒకరు వద్దు. నంబరు దొరికింది గానీ ఆ యమ్మి పేరు తెలీదు నాకు. భవ్యశ్రీ పెండ్లిలో వచ్చిన్యాదే, చేతుల మీద తెల్లమచ్చలుండే పిల్ల. ఆ పిల్లే కావాలంటాది మా పాప. అది మీ ఇల్లేనా?"

లహరి తడిజుట్టుతో పెరటి గుమ్మంలో ఆగిపోయింది. ఇన్నేళ్ళూ ఏ మాట ఎక్కడ వినబడుతుందోనని తల్లి హడలి చచ్చిందో, ఆ మాట ఇప్పుడు నేరుగా ఆమె చెవిలోనే పడింది. అందులో జాలి లేదు, ఎగతాళి లేదు. పొడుగుపిల్ల, ఉంగరాల జుట్టు పిల్ల అన్నట్టే అందావిడ. శాంతకుమారి ఫోను చెవికి ఆనించుకుని గోడ వంక చూస్తూ నిలబడింది. తల్లి ఇప్పుడు కాదంటే, రాంగ్ నంబరంటే, లహరి దగ్గర మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టే శక్తి లేదు.

"అమ్మా, ఉండావా? అది మీ ఇల్లేనా?" అవతల గొంతు.

శాంతకుమారి గొంతు సవరించుకుంది.

"ఆ, ఆ పిల్లే. మా పాపే," అంది. వెనక్కి తిరిగి, గుమ్మంలో ఉన్న కూతుర్ని చూసింది. ఆమె కళ్ళు నిండి ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది. "మా పాప పేరు లహరి. రాసుకోండమ్మా, ఇంకొకరికి చెప్పాలన్నా అక్కరకొస్తాది."